గరిటెడు పాలు, గోరంత గీత

కంప్యూటరు తెర మీద పొడవాటి గీత ఒకటి లేచింది. దాన్ని ఆనుకునే గోరంత గీత ఇంకొకటి. పొడుగుది బర్రెపాలది, పక్కనున్న పొట్టిది ఆవుపాలది అని డాక్టర్ మాధవి నెమ్మదిగా చెప్పారు. పాలకేంద్రం మేనేజరు నర్సిరెడ్డి కుర్చీలో వెనక్కి వాలాడు. అందరూ నా వైపే చూస్తున్నారనిపించింది. ఆ పాలు యాదమ్మ బర్రెవేనని సాక్షిగా నిలబడి తెచ్చినవాణ్ణి నేనే. అప్పుడు నా నోటి నుంచి ఈ మాట వచ్చింది.

“నేను ఫోన్ మాట్లాడనీకి బయటికి పోయినప్పుడు ఏం కలిపినవ్ యాదమ్మా?”

యాదమ్మ ఏదో అనబోయి, నర్సిరెడ్డిని చూసి ఆగింది. “మీ మిషిన్ ఏం జెప్తే గదే రాస్కోండ్రి” అని లేచింది. తలుపు దగ్గర వంగి, లోపలికి వచ్చేటప్పుడు పాదాలకు తొడిగించిన నీలం సంచులు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఎదుటివారి మాట వినకుండా వార్త రాయొద్దని కొత్త విలేకరులకు ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి. ఆ గదిలో నేను చేసిన పని ఏమిటో నాకు తెలియడానికి అరగంట పట్టింది. తుర్కయాంజాల్ నుంచి ఇబ్రహీంపట్నం, మంచాల మీదుగా పోయి వచ్చిన ప్రయాణం ఇది. దూరం చెప్పుకోదగ్గది కాదు. కానీ లేజరుతో పాలను తూచే గది మీలో చాలామంది చూసి ఉండరు. అందుకని మొదటినుంచి చెబుతాను.

బొంగులూరు గేటు దగ్గర

మంచాల అవతల ఒక పల్లెలో మా పెద్దమ్మ బిడ్డ సుగుణక్క ఉంటుంది. ఒకరోజు ఫోన్ చేసి, “తమ్మీ, మా గోడ పక్క యాదమ్మ తెల్సుగదా? దాని పాలు కేంద్రమోళ్లు బంద్ పెట్టిన్రు. ఆవుపాలు కలుపుతున్నదట. పేపర్ల గిన్నేండ్లు చేసినవ్, జర ఏమన్న జెయ్యరాదూ” అంది.

కేంద్రం కొనేది బర్రెపాలు మాత్రమే. యాదమ్మ పాలలో వెన్న తగ్గిందని నర్సిరెడ్డికి అనుమానం వచ్చింది. ఆయన దగ్గరున్న యంత్రం వెన్న ఎంతో చెబుతుంది, ఏ పశువు పాలో చెప్పదు. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక పరిశోధనశాలలో పాలమీదే పనిచేస్తున్న డాక్టర్ మాధవి నాకు పరిచయం. ఆమె సరేనన్నారు. నర్సిరెడ్డి కూడా, “మీరు పేపరాయన. మీ ఎదురుంగ పిండిన పాలు మీ చేతుల మీద తెండ్రి. సాఫ్ ఉంటే రేపటిసంది తీసుకుంట” అన్నాడు. ఆ నమ్మకం నాకు బాగానే నచ్చింది.

బస్సులో కునుకు పట్టింది. కండక్టరు “గేట్, గేట్” అంటే ఇబ్రహీంపట్నం వచ్చేసిందనుకుని దిగాను. చూస్తే బొంగులూరు. ఔటర్ రింగు రోడ్డు కింద కార్లు, చుట్టూ వెంచర్ల జెండాలు. చాయ్ బండి దగ్గర నిలబడితే తెల్ల చొక్కా మనిషి ఒకడు వచ్చాడు.

“సారు, ప్లాటు చూస్తరా? కార్ల తీస్కపోతం, అన్నం గూడ పెడ్తం.”

“నేను బర్రెపాల పని మీద పోతున్న బాబూ.”

“గదే సారు, బర్రెలు మేసిన జాగనే. ఇప్పుడు గజాల లెక్కన అమ్ముతున్నం” అన్నాడు నవ్వకుండా.

చాయ్ పదిహేను రూపాయలు. మా కాలనీలో ఇరవై. పాలు మాత్రం రెండుచోట్లా ప్యాకెట్‌వే.

మంచాల అవతల

అక్క వాళ్ల ఊరు చేరేసరికి సాయంత్రమైంది. దారి పొడుగునా పత్తి, కంది, మధ్యమధ్య హద్దురాళ్లు పాతిన బీళ్లు. అక్క జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ కారం పెట్టింది. దానికి ముందు చాయ్. అంత చిక్కటి చాయ్ తాగి ఎన్నాళ్లయిందో.

“మన ఆవుపాలు గావు తమ్మీ. గవి పల్చగుంటయ్. నువ్వొస్తున్నవని యాదమ్మ బర్రెపాలు పంపింది” అంది అక్క. పొయ్యి పక్కన ఆ పాలు వచ్చిన స్టీలు క్యాను ఉంది, మూత బిగుతుగా పట్టేది.

కాసేపటికి యాదమ్మే వచ్చి గడప దగ్గర కూర్చుంది. యాభై దాటిన మనిషి. మూడు బర్రెలు, ఎకరంన్నర చెలక. భర్త పోయినప్పటినుంచి పాల మీదే నడుపుకొస్తోంది.

“కేంద్రం బంద్ అయితే నాకు ఫికర్ లేదన్నా. ఇబ్రహీంపట్నం హోటలోనికి పోస్త, రెండు పైసలు తక్కువిస్తడు గంతే” అంది. “గానీ వాడిక ఇండ్లు గూడ వద్దంటున్నయ్. ఇరవయ్యేండ్ల సంది పోస్తున్న ఇండ్లు. నిన్న ఒకామె గిన్నె చూపెట్టి, ‘ఇవ్వి ఏం పాలు యాదమ్మా?’ అని అడిగింది. ఏం పాలని అడుగుతరా నన్ను?”

“నువ్వేం కలపలేదు గదా?” అని అడిగాను.

“కలపలే.”

ఒక్క మాట. నేను తలూపాను. ఆ మాట సరిపోవలసింది.

పాలగిన్నె మర్యాద

మా నల్లగొండ వైపు కూడా ఎవరి గిన్నె వాళ్లకు ఖాళీగా తిరిగివ్వరు. అడుగున ఇంత చక్కెరో, నాలుగు బియ్యపు గింజలో వేసి ఇస్తారు. ఇప్పుడు మా అపార్టుమెంటులో డబ్బా కడిగి తలుపు పిడికి తగిలించి పోతున్నాం. అక్క వాళ్ల ఊళ్లో పట్టింపు ఇంకొంచెం ఎక్కువ. పాలు వచ్చిన గిన్నెలో పాలే పోసి ఇవ్వాలి. కడిగి ఖాళీగా ఇస్తే పశువు పాలు ఎండిపోతాయంటారు. ఇంట్లో ఏ పాలుంటే ఆ పాలు, ఒక్క గరిటెడు చాలు.

తెల్లవారి అక్క ఆ స్టీలు క్యాను నా చేతికిచ్చింది. ఇచ్చేముందు తన ఆవుపాలు ఒక గరిటెడు అందులో పోసి మూత పెట్టడం నేను చూశాను. “యాదమ్మకియ్యి తమ్మీ, ఎట్లాగూ ఆడికే పోతున్నవ్ గదా” అంది. గోడ చుట్టూ తిరిగి నేనే తీసుకుపోయి యాదమ్మ చేతికిచ్చాను.

ఆమె బర్రెకు చిట్టు పెట్టి, దుడ్డెను విడిచి, మళ్లీ కట్టేసి, బకెట్టు పట్టుకుని కూర్చుంది. బర్రె తోకతో నా కళ్లజోడు పడగొట్టింది. “కొత్తోళ్లంటే దానికి అలుసు” అని నవ్వింది యాదమ్మ. పిండటం మొదలయ్యాక నాకు ఫోన్ వచ్చింది. పాత మిత్రుడు, ఏదో పెళ్లి సంగతి. కొట్టంలో సిగ్నలు లేక బయటికి నడిచాను. మాట్లాడి వచ్చేసరికి పాలు క్యానులో ఉన్నాయి, మూత బిగించి ఉంది. అన్ని క్యానుల్లోనూ మూత గట్టిది అదొక్కటే. బస్సులో ఒలకకుండా ఉంటుందని అందులో పోసింది.

ఆ క్యాను తెచ్చింది నేనే. లోపల ఏముందో చూసిందీ నేనే. ఊళ్లలో రోజూ జరిగే పని కాబట్టి అది నా బుర్రలో ఒక సంగతిగా నిలవనే లేదు.

ఇబ్రహీంపట్నం, పేలాల ఇసుక

పరిశోధనశాల ఊరికి కొంచెం ఎడంగా ఉంది. యాదమ్మా నేనూ బస్సు దిగి వెళ్లేసరికి నర్సిరెడ్డి అప్పటికే మోటారు సైకిలు మీద వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి వెళ్లేముందు ముగ్గురికీ పాదాలకు నీలం సంచులిచ్చారు. నేను తొందరలో రెండూ ఒకే కాలికి తొడిగాను. “సారుకు ఒకటే కాలు మీద నమ్మకం” అన్నాడు నర్సిరెడ్డి. యాదమ్మ కూడా నవ్వింది. ఆ రోజు మేం ముగ్గురం కలిసి నవ్వింది అప్పుడొక్కసారే.

యంత్రం చూడ్డానికి నిలువుగా ఉన్న బీరువాలా ఉంటుంది. మాధవి ముందుగా పాల మీది వెన్నను గిరగిరా తిప్పే మిషన్లో వేరుచేశారు. మిగిలిన పలుచటి పాలలో ఒక చుక్కను ఇంకో ద్రవంతో కలిపి, అరచేయంత స్టీలు పలక మీద చుక్కలు చుక్కలుగా పెట్టారు. పక్కనే పోల్చి చూసుకోవడానికి వాళ్ల దగ్గరున్న అచ్చమైన ఆవుపాల చుక్క, అచ్చమైన బర్రెపాల చుక్క. కాసేపట్లో అవి ఆరి ఉప్పు మరకల్లా తెల్లగా గట్టిపడ్డాయి.

“ఆ రెండోది ఏం పోసిన్రు మేడం?” అని వెంటనే అడిగింది యాదమ్మ. “మీరు గూడ కలిపిన్రు గదా?”

మాధవి నవ్వారు. ఆమెది ఆ పక్క ఊరే. “అవ్ అక్కా, కలపకుంటే పని గాదు. మీ దిక్కు పేలాలు ఎట్ల ఏంపుతరు?”

“మూకుట్ల ఇసుక పోసి.”

“ఇసుక ఎందుకు?”

“లేకుంటే గింజ మాడిపోతది.”

“గిది గూడ గట్లనే. లేజరుతోని పాలను సీదా కొడితే పాలల్ల ఉన్న ప్రోటీను మాడి ముక్కలైతది. నేను కలిపిన మందు ఇసుక లెక్క. వేడి మొత్తం అది గుంజుకుంటది. గుంజుకొని ఒక్కసారి పేలి ఆవిరైతది. దాంతోపాటు ప్రోటీను గూడ మాడకుండ పైకి ఎగురుతది.”

తరవాతి సంగతి నాకు విడిగా వివరించారు. ఎగిరేటప్పుడు ఆ మందు నుంచి ప్రోటీనుకు చిన్న విద్యుదావేశం అంటుకుంటుంది. అలా ఆవేశం అంటుకున్నదాన్నే అయాన్ అంటారు. ఆవేశం లేని వస్తువును విద్యుత్తు నెట్టలేదు. అంటుకున్నాక అన్నింటినీ ఒకే బలంతో నెట్టి, గాలి మొత్తం తోడేసిన పొడవాటి గొట్టంలోకి వదులుతారు. తేలికవి ముందు చేరతాయి, బరువైనవి వెనక. చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి బరువు తెలుస్తుంది. ఆవుపాలలోనూ బర్రెపాలలోనూ ఒకే రకం ప్రోటీన్లు ఉన్నా, వాటి బరువులో కొద్ది తేడా ఉంది. ఆ తేడాయే తెర మీద పక్కపక్క గీతలవుతుంది.

లేజరంటే ఎర్రటి గీత కనిపిస్తుందనుకున్నాను. ఏమీ కనిపించలేదు. అది కంటికందని అతినీలలోహిత కాంతి అన్నారు. కన్ను మూసి తెరిచేలోపు ఎన్నో దెబ్బలు పడతాయట. వినిపించింది టిక్కు టిక్కుమనే చిన్న చప్పుడు మాత్రమే. యాదమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని తెరనే చూస్తూ కూర్చుంది. పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. అప్పుడు ఆ రెండు గీతలు లేచాయి. ఆ తరవాత నేనన్న మాట మీకు ముందే చెప్పాను.

ఆమె వెళ్లిపోయాక నర్సిరెడ్డి అడిగాడు. “ఎంత కలిపింది మేడం? సగమా, పావా?”

“ఉన్నయని చెప్తది. ఎన్ని ఉన్నయో దీన్ని చూసి గట్టిగ చెప్పలేను” అన్నారు మాధవి. “ఆ చుక్క ఆరినప్పుడు అంతట ఒకే తీరుగ గట్టిపడదు. లేజరు ఒకచోట పడితే గీత పొడుగు, ఇంకోచోట పడితే పొట్టి. గీత ఎత్తు చూసి లెక్క గట్టొద్దు.”

“ఉన్నయా లేవా, నాకు గంతే కావాలె” అని నర్సిరెడ్డి హెల్మెట్ తీసుకుని లేచాడు. పోతూపోతూ నా భుజం తట్టి, “మీరు ఉన్నది ఉన్నట్టు అడిగిన్రు సారు. గది మంచిగనిపించింది” అన్నాడు. ఆ మెచ్చుకోలు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

మాధవి చాయ్ తెప్పించారు. తాగుతూ మామూలుగా అడిగారు. “సార్, ఆ క్యాన్ ఎవరిది? అంతకుముందు అండ్ల ఏముండె?”

నేను గ్లాసు కింద పెట్టేశాను.

బస్టాండులో

ఇబ్రహీంపట్నం బస్టాండులో యాదమ్మ మంచాల బస్సు ఆగే చోట కూర్చుని ఉంది. పక్కన జామకాయల గంప దించుకున్న ఒకామె. నేను పరుగులాంటి నడకతో వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

“యాదమ్మా, క్యాన్ల ఉన్నయి మా అక్క పోసిన పాలు. నేనే తెచ్చిచ్చిన.”

“ఎర్కనే” అంది. “పొద్దుగాల మూత తీసినప్పుడే జూసిన.”

“మరి పారబోయకపోతివి?”

“మర్యాదకు వచ్చిన పాలు మోరీల పోస్తరా అన్నా? అదీ మీ అక్క పోసినయి, నువ్వు తెచ్చినయి.”

“అక్కడన్న చెప్పకపోతివి!”

“నర్సిరెడ్డి ముంగట సుగుణమ్మ పేరు తియ్యాల్నా? రేపు సుగుణమ్మనే పోస్తున్నదంటడు. ఇద్దరం కలిసే చేస్తున్నమంటడు.” నా వైపు తిరిగింది. “నువ్వు కలిపినవా అని అడిగినవ్. కలుపుడంటే నీళ్లు కలుపుడు, పౌడర్ కలుపుడు. గిన్నెల వచ్చినయి కలిపినట్టెట్లయితది? కలపలేదన్న. మల్ల అడిగినా గదే అంట.”

బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూసి, మళ్లీ అంది.

“మిషిన్‌కు నేనెవరో తెల్వదు. అది ఉన్నది జెప్పింది, దాని మీద నాకేం కోపం లేదు. నీకు తెల్సుగదన్నా. రాత్రి గడపల కూసోని మాట్లాడితిమి గదా.”

జామకాయలామె గంప సర్దుకుంటున్నట్టు నటిస్తూ మొత్తం వింటోంది.

“తప్పయింది యాదమ్మా” అన్నాను.

“గా మాట గాడ అను, నర్సిరెడ్డి ముంగట. ఈడ నాతోని అంటే ఎవరికి దెలుస్తది, గీ జామకాయలామెకా?”

“నాకు తెల్సింది గదనే” అంది జామకాయలామె. యాదమ్మకు నవ్వు రాలేదు. నాకూ రాలేదు. బస్సు వచ్చింది. ఎక్కుతూ, “మీ అక్కను మాత్రం ఏమనకు” అంది.

మళ్లీ ఒకసారి

నేను పరిశోధనశాలకు తిరిగివెళ్లి మాధవికి మొత్తం చెప్పాను. ఆమె మూతలున్న కొత్త ప్లాస్టిక్ గొట్టాలిచ్చి, బర్రె పొదుగు నుంచి నేరుగా వాటిలోకే పట్టించమన్నారు. మర్నాడు పొద్దున ఫోన్ అక్క ఇంట్లో పెట్టి యాదమ్మ కొట్టానికి వెళ్లాను. నర్సిరెడ్డిని రమ్మంటే, “మీరున్నరు గదా సారు” అన్నాడు. ఈసారి ఆ మాట పొగడ్తలా లేదు. మూడు బర్రెల పాలూ వేరువేరుగా పట్టింది యాదమ్మ. ఆ పూట నాతో మాట్లాడింది బర్రె కాలు దగ్గరికి రావద్దని చెప్పడానికి మాత్రమే.

నేను తీసుకెళ్లి ఇచ్చిన మూడు గొట్టాలకూ తెర మీద బర్రెపాల గీత పొడుగ్గా లేచింది. దాని పక్కన పొట్టి గీత లేదు. పలక మీద వేరువేరు చోట్ల లేజరు కొట్టించి చూశారు మాధవి. ఎక్కడా లేదు.

సాయంత్రం పాలు పోసే వేళకు యాదమ్మా నేనూ కేంద్రం దగ్గరికి వెళ్లాం. వరసలో చాలామంది ఉన్నారు. ఇంతమంది ముందు మాట్లాడటం నాకు కొత్త కాదు. క్యానులో ఆవుపాలు ఎలా వచ్చాయో చెప్పాను. యాదమ్మను నేనన్న మాట తప్పని చెప్పాను. అక్క నాకన్నా ముందే వచ్చి నిలబడింది. రావద్దని యాదమ్మ ఎంత చెప్పినా వినలేదట. “నేనే పోసిన నర్సన్నా. ఊరంత చేసే పనే గదా” అంది.

వరసలో ఒకరిద్దరు అవునన్నట్టు తలలూపారు. ఎవరూ నోరు విప్పలేదు. విప్పితే తమ క్యానుల సంగతి కూడా అడుగుతాడని కాబోలు.

“నీ తమ్మున్ని కాపాడనీకి వచ్చినవా అక్కా?” అన్నాడు నర్సిరెడ్డి. తరవాత నా ఫోనులో రెండో ఫలితం చూశాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. లెక్క తేలకపోతే ఆయన మీద కూడా పైవాళ్లు అరుస్తారు. “గిది ఇయ్యాల్టి పాలు సారు. సాఫ్ ఉన్నయ్, ఒప్పుకుంట. నేను బంద్ పెట్టింది ఇయ్యాల్టి పాలకు గాదు. ఆ దినం పాల సంగతి చెప్పుండ్రి.”

ఆ రోజు కూడా ఎవరింటి నుంచైనా క్యాను తిరిగొచ్చిందా అని యాదమ్మను అడిగాం. రాని రోజు లేదంది. అక్కకూ గుర్తు లేదు. మేత తగ్గితే కూడా పాలలో వెన్న తగ్గుతుందని మాధవి చెప్పారు, అది కూడా ఆయనకు చెప్పాను. ఆయన విన్నాడు, బంద్ మాత్రం ఎత్తలేదు.

ఊళ్లో మాత్రం మొదటి గీత సంగతే తిరిగింది. “లేజరు పట్టిందట” అని మంచాలలో బస్సెక్కి కూర్చుంటే వెనక సీటులో అనుకుంటున్నారు. వెనక్కి తిరిగి చెబుదామనుకున్నాను. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. అంతలో వాళ్లు దిగిపోయారు.

నేను ఇది రాస్తున్న నాటికి యాదమ్మ పాలు ఇబ్రహీంపట్నం హోటలుకే పోతున్నాయి. వాడిక ఇళ్లలో రెండు తిరిగి పోయించుకుంటున్నాయి, మిగతావి లేదు. కేంద్రం బంద్ పెట్టిన రోజు ఆమె పోసిన పాలను నర్సిరెడ్డి వెన్న తక్కువని చూసి కూడా పెద్ద ట్యాంకులో కలిపేశాడు. అవి ఆ సాయంత్రమే లారీలో పట్నం పోయాయి. పరీక్షించడానికి అందులోంచి ఒక్క చుక్క కూడా ఎవరూ తీసి ఉంచలేదు.